పెళ్లికూతురు లేని పాట

కరోనా తగ్గి పెళ్లిళ్లకు మళ్లీ షామియానాలు లేచిన సంవత్సరం అది. ఖమ్మంలో ఒక జానపద పాటల లేబుల్‌కు నేను సౌండ్ ఇంజనీరును. లేబుల్ అంటే పెద్దగా ఊహించుకోకండి. మొబైల్ షాపు మీద రెండు గదులు, గోడలకు ఫోమ్, ఒక యూట్యూబ్ ఛానల్. కానీ తల్లాడ నుంచి చర్ల దాకా ఏ బరాత్‌లో డీజే పెట్టినా మా పాట మోగాల్సిందే. ఆ గర్వం నాకూ ఉండేది, అబద్ధమెందుకు.

ఓనర్ వెంకన్నకు చెవి మంచిది. ఆ మాట పగవాడైనా ఒప్పుకోవాలి. పర్ణశాల దర్శనానికి పోయి, తిరిగొచ్చే దారిలో ఒక కోయగూడెంలో పెళ్లిపాట విన్నాడు. వారం తిరక్కుండా ఆ పాట పాడిన ముత్తమ్మను కారెక్కించుకొని స్టూడియోకు తెచ్చాడు. ఆమెకు తోడుగా కూతురు సుక్కి వచ్చింది. భద్రాచలంలో డిగ్రీ చదువుతోంది, హెడ్‌ఫోన్లు అమ్మ చెవులకు తనే సరిచేసి పెట్టింది.

నేను రికార్డింగ్ నొక్కాను. ముత్తమ్మ నోరు తెరవలేదు.

"పాడక్కా, అవుతోంది."

"పెండ్లిపిల్ల ఏది తమ్మీ?"

పరాచికం అనుకున్నాను. "ఇక్కడ పెళ్లేముందక్కా?"

"మరి ఎవరి పేరు పెట్టి పాడాలె? పేరు లేకుంట పాడితె పాట ఎవరింటికి పోతది?"

వాళ్ల గూడెంలో ఆ పాట పద్ధతి అదట. ప్రతి చరణం చివర పెళ్లికూతురిని పేరు పెట్టి పిలవాలి. ఆ పిలుపుతోనే పిల్లను సాగనంపుతారు. వెంకన్న నా పక్కనుంచి మైకులోకి వంగాడు. "ఏదో ఒక పేరు పెట్టక్కా, జల్దీ. ఇంకో పాట ఉంది."

పెళ్లి లేకుండా పరాయి పిల్ల పేరు పెట్టడం తప్పని ఆమె చాలాసేపు తటపటాయించింది. చివరికి అద్దంలోంచి బయట కూర్చున్న కూతురి వైపు చూసి, "సుక్కీ" అని పిలిచింది. ఒకటే టేక్. కన్నతల్లి పిలుపు అది, పాట నేర్చుకుంటే వచ్చేది కాదు.

వెంకన్న చెవి అక్కడే పట్టుకుంది. మా భాషలో హుక్ అంటాం, ఒక్కసారి వింటే రోజంతా వదలని ముక్క. ఆ పిలుపును కత్తిరించి లూప్ చేయించాడు, అంటే అదే ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతుంది. కింద డప్పు, బేస్. చరణాలు పేరున్న గాయనితో పాడించాడు. ముత్తమ్మ గొంతులో మిగిలింది ఆ ఒక్క పిలుపే. పాటకు పేరు కూడా అదే పెట్టాడు. ఎండాకాలం పెళ్లిళ్లకల్లా ఊరూరా అదే పాట.

వానలు పడ్డాక తల్లీకూతుళ్లు బస్సులో వచ్చారు. ఈసారి కారు పంపినవాళ్లు లేరు. సుక్కి కాలేజీ మానేసింది. బస్సులో, హాస్టల్ సందులో, పేరు తెలిసిన ప్రతివాడూ ఆ పాట ఎత్తుకునేవాడట. కాలేజీ ఫంక్షన్‌లో ఆమె ఫొటోకు ఎవడో ఆ పాట తగిలించి ఫోన్లలో తిప్పాడు.

"మా అమ్మ పిలిచినా తిరిగి చూడబుద్ధి అయితలేదన్నా," అంది నాతో.

ముత్తమ్మ వెంకన్న ముందు నిలబడింది. "పైసలు వద్దు సారూ. పాట మీరే ఉంచుకోండ్రి. నా బిడ్డ పేరు నాకియ్యండ్రి."

నేను అక్కడికక్కడే పేరు వచ్చిన చోటల్లా మ్యూట్ చేసి, వేణువు నింపి ఇంకో మిక్స్ చేశాను. వెంకన్న కళ్లు మూసుకొని మొత్తం విన్నాడు.

"పేరు తీస్తె ఇంకేముందిరా ఇందుల?" అన్నాడు. నిజమే చెప్పాడు. నాకు మండింది అందుకే. తర్వాత ఆమె వైపు తిరిగి, "ఊకె పరేషాన్ గాకక్కా. నీ బిడ్డను రాష్ట్రమంత ఎరికైనట్టు చేసినం. దండం పెట్టాలె మాకు," అన్నాడు.

ఆమె నిజంగానే దండం పెట్టింది. ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. నేను ఆ నెలే అక్కడ మానేశాను. దానివల్ల వెంకన్నకు పోయిందేం లేదు, ఇంకొకడు దొరికాడు.

మరుసటి ఏడు ముత్తమ్మ పెళ్లికార్డు తెచ్చిచ్చింది. అందులో పెళ్లికూతురి పేరు సునీత అని ఉంది. సుక్కి కొత్త పేరు పెట్టుకుందట.

పోయాను. పందిట్లో ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు, ముత్తమ్మ పాట ఎత్తుకుంది. డీజే పెట్టెల దగ్గర కుర్రాళ్లు ఈలలకు సిద్ధంగా ఉన్నారు. చరణం చివరికొచ్చింది. ముత్తమ్మ నోరు ఆగింది. డోలు మాత్రం మోగింది. రెండో చరణమూ అంతే. తల వంచుకొని కూర్చున్న పిల్ల ఒకసారి తలెత్తి తల్లిని చూసి మళ్లీ వంచుకుంది. ఏ పేరూ లేకుండానే పాట అయిపోయింది.

భోజనాల దగ్గర అడగకుండా ఉండలేకపోయాను. "కొత్త పేరైనా పెట్టి పిలవలేకపోయినవా అక్కా?"

"అది కార్డు మీది పేరు తమ్మీ. నేను పిలిచే పేరు మీ కాడనే ఉండిపాయె గద."

ఇప్పుడు నాకు సొంత స్టూడియో ఉంది. ఎవరు పాడటానికొచ్చినా పాటలో ఎవరి పేరుందో, ఆ మనిషికి చెప్పారో లేదో ముందే అడుగుతాను. ఆ తర్వాతే రికార్డింగ్ నొక్కుతాను. చాదస్తం అని నవ్వుతారు, నవ్వనీ. సుక్కికి మాత్రం నా జాగ్రత్త ఎందుకూ పనికిరాలేదు.

మొన్న నేలకొండపల్లిలో బరాత్ అడ్డమొస్తే బండి ఆపుకున్నాను. డీజే పెట్టెలోంచి ముత్తమ్మ తన కూతుర్ని పిలుస్తూనే ఉంది.