గొంగడి కప్పుకున్న యుద్ధనౌక

దాక్కోవాలనుకున్న మనిషి జిల్లా మొత్తానికీ ఎలా కనిపించగలడో తెలుసుకోవాలనుంటే కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ ఘనకార్యం చేసింది నేనే. ఏమీ తెలియనివాడు చేసి ఉంటే అమాయకత్వం అని సరిపెట్టుకునేవారు. నేను రాడార్ తెర ముందు కూర్చుని జీతం తీసుకునేవాణ్ణి. కాబట్టి దాన్ని ఏమనాలో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

మాది పాలకుర్తి పక్క పల్లె. నీళ్లంటే వ్యవసాయబావి అనుకునే ఊరు. అక్కడి నుంచి వెళ్లి విశాఖలో యుద్ధనౌక ఎక్కాను. మా రాడార్ గదికి పెద్దాయన్ని చీఫ్ అనేవాళ్లం. కాకినాడ మనిషి. ఒకరోజు మమ్మల్ని కూర్చోబెట్టి కొత్తరకం ఓడల గురించి పాఠం చెప్పాడు.

"రాడార్ తరంగం వెళ్లి ఓడకి తగిలి వెనక్కొస్తేనే తెర మీద చుక్క పడుద్ది. అందుకే ఓడ గోడలు నిటారుగా కట్టరు, ఏటవాలుగా కడతారు. తరంగం పక్కకి జారిపోద్ది. జారనిదాన్ని మింగేసే పూత పూస్తారు. అర్థమైందా?"

అర్థమైందని అందరికంటే ముందు తలూపింది నేనే. చీఫ్ ఇంకో ముక్క కూడా ఏదో చెప్పబోయాడు. ఇంతలో భోజనం గంట మోగింది. నేను మెస్ వైపు లగెత్తాను. వినకుండా వదిలేసిన ఆ ముక్కే నా కొంప ముంచింది.

ఆ తర్వాత సెలవు మీద ఇంటికొచ్చాను. తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీదుంది. రోడ్ల మీద వంటలు, రైలు పట్టాల మీద మనుషులు. పాలకుర్తిలో ఆటపాటల ధూంధాం సభ పెడుతున్నారని తెలిసి నా ప్రాణం కొట్టుకుపోయింది. ఓడలో నేను "ఏంది" అంటే చాలు, తోటివాళ్లు పడీపడీ నవ్వేవారు. నవ్వీ నవ్వీ నా మాటను నేనే మింగేసుకునేలా చేశారు. ఆ మాటే మైకులో ఊరంతా వినబడుతుందంటే వెళ్లకుండా ఎలా ఉంటాను?

బాపు ఒప్పుకోలేదు.

"యూనిఫాం ఏసుకున్నోనికి సభలెందుకు బిడ్డా? ఏ పేపరోడన్న ఫోటో కొట్టిండనుకో, నౌకరి ఊడుతది. మనింట్ల మొదటి నౌకరి నీదేరా సోమిగా."

"ఎవ్వలకు కనవడకుంట పోయొస్త బాపూ."

"ఎట్లరా?"

"నా పనే గది."

బాపు నమ్మాడో, విసిగిపోయాడో తెలియదు కానీ బీడీ వెలిగించుకున్నాడు. నేను దండెం మీది తాత గొంగడి దించాను. నల్లటి దళసరి ఉన్ని. తరంగాలేమిటి, పిడుగును కూడా మింగేలా ఉంది. దాన్ని వానలో కప్పుకున్నట్టు నెత్తిన మొన తేల్చి, రెండు పక్కలా ఏటవాలుగా జారవిడిచాను. అద్దంలో చూసుకుంటే అచ్చం కొత్తరకం ఓడే.

మా అవ్వ, అంటే అమ్మ, నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "గింత ఎండల గొంగడేందిరా? జరమొచ్చిందా?"

"ఏటవాలు కోసమే అవ్వా."

అవ్వకు ఏమీ అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ సగమే అర్థమైంది, కానీ ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు.

దారిలో ఎదురైన ప్రతి మనిషికీ ఏటవాలుగా తిరిగి, ఎండ్రకాయలా పక్కకి నడుచుకుంటూ పాలకుర్తి చేరాను. బస్టాండు దగ్గర నా దోస్తు ఖాజా చాయ్‌బండి ఉంది. పేపర్లు అమ్మేది కూడా అతనే.

"సలాం సోమన్నా! గొంగడి జబర్దస్త్ ఉన్నది! చాయ్ తాగి పో!"

ఇతనికెలా కనబడ్డాను? అయినా వెంటనే కారణం దొరికింది. మరీ దగ్గర్లో ఉన్నవాళ్ల సంగతి వేరు, దూరం నుంచి చూసేవాళ్లకు నేను కనబడను! చూశారా, మూర్ఖుడికి చదువు తోడైతే ఎంత ధైర్యం వస్తుందో.

సభలో వెనక వరసలో ఒదిగి కూర్చున్నాను. చుట్టూ వేలమంది. అంతా మామూలు చొక్కాల్లో ఉన్నారు. ఆ మైదానంలో గొంగడి కప్పుకున్నది వేదిక మీది పాటగాళ్లు, వెనక నేను. ఈ ముక్క మీకు తట్టింది కదా? నాకు తట్టలేదు.

గులాబీ కండువాలు వేసుకున్న ఇద్దరు పోరగాళ్లు వచ్చి నా రెక్కలు పట్టుకున్నారు.

"అన్నా, నువ్వు గిక్కడ కూసున్నవా! నీ కోసం ఎంతసేపు దేవులాడాలె?"

"నేను గాదు తమ్మీ!"

"పెద్ద కళాకారులు గిట్లనే అంటరు. లే అన్నా!"

"నాకు పాట రాదు!"

"గట్లనే అంటరని చెప్పినగద. అరేయ్, అన్నకు గజ్జెలు తేర్రి!"

ఎవరికీ కనబడకూడదని వచ్చినవాడి కాళ్లకు గజ్జెలు కట్టారు. అడుగేస్తే ఘల్లు, ఆగితే ఘల్లు. అలా మోగుతూనే వేదికెక్కాను. చేతిలో మైకు పెట్టారు. ఎదురుగా వేల కళ్లు. వాటిలో ఒక్క చూపూ పక్కకి జారడం లేదు. నాకు దిక్కు తోచక నోటికొచ్చింది అరిచాను.

"నేనిక్కడ లేను! మీకెవ్వలకు నేను కనవడ్తలేను!"

మైకు పక్కనున్న పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు. "ఇన్నరా! మనం ఢిల్లీకి కనవడ్తలేమని ఎంత మంచిగ చెప్పిండు తమ్ముడు!"

మైదానం దద్దరిల్లింది. నేను హడలిపోయి "జై తెలంగాణ" అన్నాను. వాళ్లూ అన్నారు. తర్వాతేం చెయ్యాలో తెలియక మళ్లీ అన్నాను. మళ్లీ అన్నారు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, నా మాట అంత గట్టిగా, నవ్వేవాడు లేకుండా మోగడం అదే మొదటిసారి. ఒళ్లు పులకరించింది. సరిగ్గా ఆ పులకరింతలో ఉండగానే కెమెరా మెరిసింది.

తెల్లారగానే ఖాజా దగ్గరికి పరుగెత్తాను. జిల్లా పేజీలో పైనే నేను. గొంగడి, గజ్జెలు, తెరిచిన నోరు. కింద "సభను ఉర్రూతలూగించిన కళాకారుడు" అని రాశారు.

"ఖాజా, కట్ట మొత్తం నాకే ఇయ్యి."

"మీ ఇంట్ల గింతమంది సదువుతరా అన్నా?"

"జల్ది ఇయ్యిరా!"

కట్టంతా తెచ్చి అటక మీదికి తోసేశాను. పాలకుర్తిలో పేపర్లు లేకుండా పోయాయి, సాక్ష్యం మాయం అనుకున్నాను. ఖాజా మాత్రం వచ్చిన ప్రతివాడికీ "సోమన్న ఫోటో పడ్డది, ఖుషీల కట్టంతా కొనుక్కపోయిండు" అని చాటుతున్నాడట. సాయంత్రానికి ఊరంతా మా ఇంటికొచ్చి ఫోటో చూపించమంది. బాపు నన్ను చూసి "కనవడకుంట పోతనంటివి గదరా" అని మాత్రం అన్నాడు.

రెండు రోజులకు మహబూబాబాద్‌లో రైలెక్కాను. అవ్వ ఓ సంచి చేతికిచ్చింది. "మీ దోస్తులకు సకినాలు చేసిన. ఒక్కొక్కలకు ఒక్కో పొట్లం కట్టిన."

ఓడలో అందరికీ పంచాను. చీఫ్ చేతిలో కూడా ఓ పొట్లం పెట్టాను. ఆయన దారం విప్పాడు. సకినాల కింద నూనె మెరుపులో నా ముఖం! తల తిప్పి చూస్తే మెస్ బల్ల మీద ప్రతివాడి ముందూ నేనే. అటక మీద దాచిన కట్టంతా అవ్వ పొట్లాలకు వాడేసింది.

నౌకరి అయిపోయిందనుకుని కళ్లు మూసుకున్నాను. చీఫ్ సకినం కొరుకుతూ పేపరు చదివాడు.

"ఏంట్రా ఇది?"

"ఏటవాలు సార్. దాక్కుందామని."

"ఆ రోజు గంట కొట్టగానే పరిగెత్తావు చూడు, అప్పుడు నేను చెప్పిందేంటో తెలుసా? అలా కట్టిన ఓడ మాయమైపోదురా, తెర మీద చిన్న చేపల పడవలా కనబడుద్ది. అంతే. అదీ రాడార్‌కి, మనుషుల కళ్లకి కాదు. ఓడని పడవలా చూపించే విద్య నేర్పితే, నువ్వు పడవని ఓడ చేసుకొచ్చావు!"

తర్వాత కాగితాలన్నీ పోగుచేయించి బాయిలర్‌లో వేయించాడు. నాకు వారం రోజులు డెక్కు కడిగే శిక్ష వేశాడు. పై వాళ్లకు మాత్రం చెప్పలేదు. మెస్‌లోంచి వెళ్తూ వెళ్తూ అడిగాడు, "మైకులో మీ యాసలోనే మాట్లాడావా?"

"గట్లనే మాట్లాడిన సార్," అన్నాను. ఈసారి మెస్‌లో ఎవరూ నవ్వలేదు. నోళ్ల నిండా సకినాలున్నాయి మరి.

కనుక పాఠకులారా, బంగాళాఖాతం సాక్షిగా, తాత గొంగడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. భోజనం గంట ఎంత మోగినా చివరి ముక్క వినకుండా ఏ పాఠంలోంచీ లేవను. ఇక ఈ జన్మలో దాక్కోవాల్సి వస్తే మంచం కింద దూరతాను. అది కూడా మా అవ్వకు చెప్పకుండా.