వగరు నీళ్ల నారు

టప్. టప్. టప్.

టీ కొట్టు వెనక రేకుల షెడ్డులోంచి ముందు ఆ చప్పుడే వస్తుంది. నారు ట్రేని బల్ల అంచుకేసి కొడితే మొక్కలు మట్టిముద్దతో సహా వదులై లేస్తాయి. ఆ తర్వాత తడి చేతులు తుడుచుకుంటూ ఆమె వస్తుంది. వీధంతా ఆమెని 'కషాయం అత్త' అంటుంది. ఎదురుగానే అంటుంది. ఆమె పలుకుతుంది కూడా.

షెడ్డు మూలన నీలం డ్రమ్ము. మొగుడి కొట్టులో మరిగి మరిగి అలిసిపోయిన టీపొడి అందులో నానుతుంది. ఎండ పడితే ఆ నీళ్లలో సాయంత్రపు ఎరుపు కనిపిస్తుంది.

మొదటిసారి వాటిని చిక్కగానే పోసింది. కొంచెం మంచిదైతే ఎక్కువ ఇంకా మంచిదనుకుంది. టమాటా గింజలు సగం మొలవలేదు. మొలిచినవాటి వేళ్లు కాలిన వత్తుల్లా నల్లబడ్డాయి. అత్తగారు బుగ్గలు నొక్కుకుంది.

"మనుషులకి టీ పోసి కొడుకు బతుకుతుంటే, మొక్కలకి టీ పోసి కోడలు చంపుతోంది!"

ఆమె డ్రమ్ము పారబోయలేదు. నీళ్లు కలిపింది. నాలిక మీద వేసుకుని, ఇంకా కలిపింది. వగరు తెలిసీ తెలియనట్టు ఉన్నప్పుడు పోసింది. మొక్కలు ఆకుల్లో, తొక్కల్లో దాచుకునే ఆ వగరుకి ఫినాలిక్ పదార్థాలని శాస్త్రం పెట్టిన పేరు. ఎక్కువైతే అవి లేత వేరు గొంతు నొక్కుతాయి. చిటికెడైతే నిద్రలో ఉన్న మొలకని తట్టి, ఎండ వస్తోంది, తలుపులు బిగించుకోమంటాయి. అలా లేచిన నారు పొడుగు సాగలేదు. కాడ గట్టిపడింది.

ఈ ఏడు ఆ పొట్టితనమే గొడవైంది. షెడ్డు బావగారిది. ఈ నారు అమ్ముడుపోకపోతే షెడ్డు ఖాళీ చెయ్యాలన్నాడు, తన ఆటో పెట్టుకోవడానికి. కొనడానికొచ్చిన రైతు చేతిలో వేరే నర్సరీ ట్రే ఉంది. అందులో మొక్కలు జానెడెత్తున ఊగుతున్నాయి.

"నీ నారేంటక్కా, చతికిలబడ్డట్టుంది?"

"పొడుగే కావాలంటే కరెంటు స్తంభం నాటుకో తమ్ముడూ."

బావగారు మధ్యలో దూరాడు. "కాస్త ఎరువు చల్లితే నీ సొమ్మేం పోయింది? వారంలో సాగుతాయిగా!"

"చల్లను."

రైతు చేతిలోని ట్రేని అడిగి తీసుకుని, దాన్నీ తన ట్రేనీ పక్కపక్కన ప్రహరీ గోడ మీద పెట్టింది. "రేపు సాయంత్రం దాకా వీటికి చుక్క నీళ్లు పొయ్యను. నావి పడిపోతే తాళం మీ చేతికిస్తా, బావగారూ."

మర్నాడు మధ్యాహ్నానికి ఆమె నారు కూడా తలలు వాల్చింది. చెంబు ఎత్తింది, దించేసింది. మొగుడు కొట్టులోంచి తొంగిచూశాడు.

"కాసిని పొయ్యవే, ఎవరూ చూట్టంలేదు."

"నేను చూస్తున్నాగా!"

రైతు తిరిగొచ్చేసరికి పొడుగు నారు ట్రే అంచు మీదుగా జుట్టు విరబోసుకుని పడి ఉంది. ఆమెవాటిలోనూ కొన్ని పోయాయి. మిగిలినవి అంచులు మాడిన ఆకులతోనే నిలబడ్డాయి. రైతు ఒక కాడని వేలితో వంచాడు. వదలగానే లేచింది. షెడ్డులో ఉన్న ట్రేలన్నీ బండెక్కించమన్నాడు.

బావగారు మాత్రం, "వచ్చే ఏడు చూద్దాంలే," అంటూ వెళ్లాడు.

వచ్చే ఏడు షెడ్డు పోతే ఏం చేస్తారని, ఆమె దగ్గర ఇదంతా విని రాసుకున్న మనిషి వెళ్తూ వెళ్తూ అడిగితే, ఆమె డ్రమ్ము మీద చెయ్యి వేసింది.

"నారు పోసినవాడే నీరూ పోస్తాడంటారు కదండీ. ఇక్కడ రెండూ పోసేది నేనే. షెడ్డు పోతే డ్రమ్ము దొర్లించుకెళ్తా. ఎక్కడాగితే అక్కడే పోస్తా."