బటన్ నొక్కితె బాగయ్యే విమానం

నాకు రాయరాదు. నేను చెప్తున్న, మనుమరాలు టైప్ చేస్తున్నది.

పాత యుద్ధంల కొట్లాడిన మారుత్ విమానం ఎవరికి యాదికి లేదు. దాన్ని ఇప్పుడు ఫోన్‌ల ఆడే యుద్ధం ఆటల కొత్తగ పెట్టిన్రు. మా ఆయన మిలిటరీల దాని ఇంజన్ బాగుచేసెటోడు. చక్రం కింద నిమ్మకాయ పెట్టకుంట దాన్ని కదలనియ్యకపోతుండె. ఇయ్యాల మనుమరాలి ఫోన్‌ల సంబరంగ చూడబోయిన. నిమ్మకాయ లేదు, పక్కన మనిషి లేడు.

"మీ తాత ఏడున్నడే?"

"రిపేరుకు మనుషులుండరు నాయినమ్మా. బటన్ నొక్కితె అదే బాగైతది."

ఆ ఇంజన్ మోతకే ఆయన చెవులు పోయినయ్. ఆయన సచ్చేదాక అరుసుకుంటనే కాపురం చేసిన. జహీరాబాద్‌ల మా గల్లీ అంత నన్ను గయ్యాళి అన్నది.

ఆ బటన్ అప్పుడేడ పోయిందో జర మీరే చెప్పుండ్రి.