బావ తరఫు వాదన

నా ఫోన్లో మా బావ గొంతు ఉంది. కొన్నేళ్లుగా వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజీలు. టైపు చెయ్యడమంటే ఆయనకు మహా చిరాకు. "అక్షరాలు వెతుక్కునేలోపు కోపం కాస్తా చల్లారిపోతుందమ్మాయ్, ఇంకేం వాదిస్తాం?" అనేవాడు. అందుకని ఫోన్ నోటిదగ్గర పెట్టుకుని మాట్లాడేవాడు. వెనకాల మా అక్క కుక్కర్ కూతలు, వీధిలో కూరల బండి కేక, మధ్యమధ్య ఆయన దగ్గు, అన్నీ వినపడతాయి. చల్లపల్లి నుంచి బెజవాడకు ఇలాంటివి ఎన్ని వచ్చాయో నేను లెక్కపెట్టలేదు. అన్నీ నాతో వాదనలే.

అక్క పెళ్లినాటికి నేను హైస్కూల్లో ఉన్నాను. అప్పట్నుంచీ బావని "నువ్వు" అనే అలవాటు పోలేదు. ఆయన కాలవల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. నేను బెజవాడలో కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. పోయిన వేసవిలో బావకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. మనం చెప్పేది అర్థమవుతుందన్నారు డాక్టరుగారు. కానీ ఏమడిగినా తలూపేస్తాడు. అన్నం తింటావా అంటే ఊపుతాడు, వద్దా అన్నా ఊపుతాడు. అందులో ఏది నిజమో అక్కకు తెలియదు.

వానలు మొదలయ్యాక ఓ రోజు అక్క కూతురు ఫోన్ చేసింది. అది హనుమాన్ జంక్షన్‌లో కాపురం ఉంటుంది, కంప్యూటర్ ఉద్యోగం ఇంట్లోంచే చేసుకుంటుంది.

"పిన్నీ, నాన్న వాయిస్ మెసేజీలన్నీ నాకు పంపించవా?"

"ఎందుకే?"

"వాటితో నాన్న గొంతు తయారుచెయ్యొచ్చు. ట్యాబ్‌లో బొమ్మలు పెడతాను. నాన్న వేలితో నొక్కితే నాన్న గొంతుతోనే మాట వస్తుంది. మంచినీళ్లు, కాఫీ, నొప్పి... అమ్మని పిలవడం కూడా."

అలాగే పంపిస్తాలే అన్నాను. పంపలేదు.

ఎందుకు పంపలేదో చెప్పాలంటే మా వాదనల సంగతి చెప్పాలి. ఆ మాటకొస్తే వాదించి వాదించి నాకు విసుగొచ్చేసింది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పొద్దున్నే ఎవరో ఒకరు గ్రహణం రోజు నీళ్లలో విషం చేరుతుందని పెడతారు. అది కాదండీ అని నేను రాస్తాను. "మేడమ్‌గారూ, మీకన్నీ తెలుసు లెండి" అని ఒకరు, దణ్ణం బొమ్మ ఒకరు. ఎన్నికలొస్తే మరీ ఘోరం. ఓడినవాళ్లు ఓటింగ్ మిషన్లని తిడతారు, గెలిచినవాళ్లు మిషన్లంత నిజాయితీ ఎవరికుందంటారు. మళ్లీ ఎన్నికలకి వీళ్ల మాటలు వాళ్లు, వాళ్ల మాటలు వీళ్లు అందుకుంటారు. "ఏమండీ, పోయినసారి మీరే కదా అటువైపు మాట్లాడింది" అని అడిగానా, లిఫ్టులో ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు. జీవితమంతా బోర్డు మీద ఋజువులు రాసినదాన్ని, పక్క ఫ్లాట్ ఆయన చేత ఒక్క ముక్క ఒప్పించలేకపోయాను. ఈమధ్య తప్పు కనపడినా చూసి ఊరుకుంటున్నాను.

బావ కూడా ఒప్పుకునే రకం కాదు. చస్తే ఒప్పుకోడు. కానీ ఆయనతో వాదిస్తే నోరు అలిసేది గాని మనసు అలిసేది కాదు. నా మాట పూర్తయ్యాక కాసేపు ఆగి, "అంటే నువ్వనేది ఇదేగా అమ్మాయ్?" అని నా వాదనంతా ఆయనే మళ్లీ చెప్పేవాడు. ఒక్కోసారి నాకన్నా బాగా చెప్పేవాడు. నేను అవునన్నాకే దాన్ని చీల్చి చెండాడేవాడు. కాదంటే నా చేత మళ్లీ మొదట్నుంచీ చెప్పించుకునేవాడు. ఈ అలవాటు కాలవ గట్ల మీద వచ్చి ఉంటుంది. నీళ్ల కోసం పై ఊరివాళ్లూ కాలవ చివరనుండే శివారు ఊరివాళ్లూ కర్రలు పట్టుకుని నిలబడితే, వాళ్ల మాట వీళ్లకీ వీళ్ల మాట వాళ్లకీ పొల్లుపోకుండా అప్పజెప్పడం ఆయన ఉద్యోగంలో సగం.

నెలకో ఆదివారం చర్చిలో ఆరాధన అవగానే నేను చల్లపల్లి బస్సెక్కేదాన్ని. ఉయ్యూరు దాటేసరికి ఆ రోజు ఏ సంగతి ఎత్తాలో సిద్ధం చేసుకునేదాన్ని. వరండాలో బావ, పక్కన పేపరు. మా ఇద్దరికీ ఒక పందెం ఉండేది. ఎవరు ఒప్పుకుంటే వాళ్లు పేపరు రెండోవాళ్లకి ఇచ్చెయ్యాలి. ఇన్నేళ్లలో బావ నాకు పేపరు ఇచ్చిన పాపాన పోలేదు. ఓడిపోతున్నానని తెలిస్తే దాన్ని మడిచి మీద కూర్చునేవాడు.

"కాస్త సిగ్గుండాలి బావా."

"సిగ్గుపడితే పేపరు పోతుందమ్మాయ్."

బావామరదళ్లం కాబట్టి మాది వాదన అని ఎవరూ అనుకోలేదు, పరాచికాలనుకున్నారు. వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చెయ్యడం మీద మా గొడవ ఏళ్ల తరబడి నడిచింది. పక్కవాడి చేను ఉప్పెక్కిపోతుంటే నీ చెరువు నీ ఇష్టం ఎలా అవుతుందని నేను. శివారుకి నీళ్లివ్వలేనప్పుడు వాణ్ణి వరే వెయ్యమనే హక్కు నీకెక్కడిదని ఆయన. మేమిద్దరం గొంతులు చించుకుంటుంటే వచ్చిన చుట్టాలు నవ్వుకుంటూ టిఫిన్ తినేవారు. "ఊరుకోవే, మీ బావ నిన్ను ఉడికిస్తున్నాడు" అనేది అక్క. నాకు ఒళ్లు మండేది. ఇద్దరు మనుషులు నిజంగా ఒక విషయం తేల్చుకోవాలనుకుంటున్నారని ఎవరికైనా ఎలా చెప్పాలి?

ఆ మధ్య ఎన్నికల ముందు బావకు ఓ నాయకుడి గొంతుతో, పేరు పెట్టి మరీ పలకరిస్తూ ఫోనొచ్చింది. పొంగిపోయి వీధంతా చెప్పుకున్నాడు. సాయంత్రానికి అది మిషను చేసిన గొంతని తెలిసింది. అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. నాకు మెసేజీ మీద మెసేజీ.

"నేననని మాట నా గొంతులో వినపడిందనుకో, అది దొంగసంతకం కాదుటమ్మాయ్?"

పనిముట్టుదేం తప్పు బావా, రేపు మాట పడిపోయినవాళ్లకి ఇదే దిక్కవుతుంది అని నేను జవాబిచ్చాను. దానికి ఆయన పంపినది ఇప్పటికీ నా దగ్గరుంది.

"అంటే నువ్వనేది ఇదేగా, దొంగ చేతిలో ఉంటే తప్పు, డాక్టరు చేతిలో ఉంటే మంచిది. బాగుంది. మరి ఆ మాట పడిపోయినవాణ్ణి అడిగావా? వాడికి వద్దేమో! వద్దనడానికి వాడికి నోరేదీ? నా మటుకు నాకొద్దు. నేను మాట్లాడలేనినాడు నా నోరు మూసే ఉంచండి. గుర్తుపెట్టుకో."

గుర్తుంది. మర్చిపోతే బాగుండును. అక్క కూతురు అడుగుతున్న మెసేజీల్లో ఇదీ ఒకటి. వద్దు అని చెప్పిన గొంతునే తీసుకెళ్లి మిషనుకి ఎలా ఇవ్వను? ఇవ్వకపోతే అక్క మొహం ఎలా చూడను? నాలో నేనే రెండు పక్షాలూ వాదించుకుని నీరసపడి, ఆదివారం బస్సెక్కాను.

అక్క చిక్కిపోయింది. వరండాలో కూర్చుని చిక్కుళ్లకు ఈనెలు తీస్తోంది. బావ కుర్చీలో ఉన్నాడు. పేపరు అలవాటు ప్రకారం ఆయన పక్కనే మడిచి పెట్టి ఉంది. చదువుతాడో లేదో తెలియదు గాని రోజూ పెడుతుందట.

"పొద్దున లేస్తే 'ఏమోయ్' అనేవాడే. ఆ ఒక్క పిలుపూ వినపడితే చాలే నాకు. ఇంకేం అక్కర్లేదు" అంది అక్క, కాయల మీంచి తలెత్తకుండా.

కూతురు అప్పటికే పాత పెళ్లి వీడియోల్లోంచి కొంచెం గొంతు తీసి ఒక నమూనా చేసుకొచ్చింది. ట్యాబ్ మీద నొక్కింది. "ఏమోయ్" అంది ట్యాబ్. కాస్త రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది గాని బావ గొంతే. అక్క పళ్లెం కింద పెట్టేసి లోపలికెళ్లిపోయింది. బావ ఆ ట్యాబ్ వంకే చూస్తున్నాడు.

"ఇది బాలేదు పిన్నీ. నీ మెసేజీలు ఇస్తే అచ్చు నాన్నలాగే వస్తుంది."

"ముందు ఆయన్ని అడగాలే."

"అడిగాను. తలూపారు."

"ఆయన దేనికి ఊపట్లేదు?"

ఇక తప్పదని ఆ మెసేజీ పెట్టాను. వరండాలో బావ గొంతు ఖణీమని మోగింది. నా మటుకు నాకొద్దు. అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇదేం అన్యాయం పిన్నీ! ఇలాంటివన్నీ కావాలని వాదించింది నువ్వు, వద్దన్నది నాన్న. ఇప్పుడు నువ్వు అటు తిరిగావా? ఇప్పుడు కూడా మీ పరాచికాలేనా?"

దాని కళ్లలో నీళ్లు. నాకూ ఏడుపొచ్చింది, కానీ ఏడిస్తే బావ తరఫున మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకని చెప్పాను. ఆయన చెప్పినట్టే చెప్పడానికి చూశాను. మాట ఆయనది, వద్దన్నదీ ఆయనే. ఈ గొంతు ఒకసారి మిషనులోకి వెళ్లాక దాన్ని ఎవరు ఎలా వాడతారో మన చేతిలో ఉండదు. ఇవాళ కాఫీ అంటుంది, రేపు ఎవరో ఆయన చేత ఇంకేదో అనిపిస్తారు. బాగున్న రోజున మనిషి చెప్పిన మాటని, బాగోలేని రోజున మన ముచ్చట కోసం కొట్టిపారేస్తే ఎలా?

అది చెంగుతో మొహం తుడుచుకుంది. "నొక్కేది నాన్నే కదా పిన్నీ? మాట నేను పెట్టినా, ఏరుకునేది నాన్న. చెయ్యి పడిపోయినవాళ్లు సంతకం బదులు వేలిముద్ర వెయ్యరా? అది దొంగసంతకమా?"

బావ అయితే ఏమనేవాడో ఆలోచిస్తూ ఆయన వైపు తిరిగాను.

బావ ఎడమచెయ్యి పేపరు మీద ఉంది. మెల్లిగా లాగాడు. ఒకసారి జారింది, మళ్లీ పట్టుకున్నాడు. చాచి కూతురికి ఇచ్చాడు.

"చదవమంటావా నాన్నా?" అని అది పేపరు విప్పింది. పాపం, దానికి మా పందెం సంగతి ఏం తెలుసు!

"చదవమని కాదే" అన్నాను. "ఉండు, ఇలా ఇవ్వు."

ఒక్కసారి జరిగితే ఋజువు కాదు కదా. పేపరు తీసుకుని మళ్లీ ఆయన పక్కనే పెట్టాను. "బావా, అది నొక్కేది నువ్వే అంటోంది. నేను నీ పాత మాటే నీ మాట అంటున్నాను. ఎవరిది రైటు?" అని అడిగాను. బావ నా వంక విసుగ్గా చూశాడు. మళ్లీ పేపరు లాగి మళ్లీ దానికే ఇచ్చాడు. ఈసారి దాని ఒళ్లో పడేసి చెయ్యి దులుపుకున్నాడు.

ఇన్నేళ్లలో బావ ఒప్పుకోగా చూడటం అదే మొదలు. అదీ నా పాత మాటకే ఒప్పుకున్నాడు, నేను దానికి అడ్డం తిరిగి ఆయన తరఫున వాదించిన రోజున. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్క మాత్రం గుమ్మం పట్టుకుని ఏడ్చింది.

పందెం సంగతి దానికి చెప్పి, మెసేజీలన్నీ అక్కడే కూర్చుని పంపేశాను. ఏయే మాటలు పెట్టాలో కూతురు అడుగుతూ పోయింది. మంచినీళ్లు, కాఫీ, నొప్పి, ఫ్యాను, బాత్రూమ్, ఏమోయ్.

"'నేనొప్పుకోను' అని ఒకటి పెట్టవే" అన్నాను. "ఆ మాట నీకు మెసేజీల్లో కావలసినంత దొరుకుతుంది."

తరవాతి నెల వెళ్లేసరికి ట్యాబ్ బావ ఒళ్లో ఉంది. "ఏమోయ్" అంది. "వస్తున్నా, వస్తున్నా, ఊరికే పిలవకు!" అని అక్క పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. పని ఏమీ లేదు. కసురుకుంటూ మళ్లీ వెళ్లింది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. దారిలో ఏమీ సిద్ధం చేసుకోలేదు, ఓపిక లేక. పాతదే ఎత్తాను. "బస్సులోంచి చూశాను బావా, మొవ్వ దాటాక మళ్లీ కొత్త చెరువులు తవ్వుతున్నారు. ఇది అన్యాయం కాదూ?"

వేలు ట్యాబ్ మీద వెతికింది. "నేనొప్పుకోను."

అచ్చు బావే. చివర్న ఆ విరుపుతో సహా. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఏం, ఎందుకని?" అనేశాను.

బావ వేలు కాఫీ మీదికి వెళ్లింది, ఫ్యాను మీదికి వెళ్లింది, నొప్పి దగ్గర ఆగింది. ఎందుకో చెప్పడానికి అక్కడ బటన్ లేదు. ఆయన చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి. అంతమందిని వాదనలో ఓడించి కూర్చోబెట్టిన మనిషి!

నేను ఆయన ఎదురుగా తిరిగి కూర్చున్నాను.

"అంటే నువ్వనేది ఇదేగా బావా" అని మొదలుపెట్టాను. శివారుకి నీళ్లు రావు. వచ్చినా కోతల ముందు వస్తాయి. అప్పుచేసి వరి వేసి మునిగినవాడికి చెరువు ఒక్కటే దారి. బెజవాడలో ఫ్యాను కింద కూర్చుని వాడికి నీతులు చెప్పేవాళ్లు ముందు వాడికి నీళ్లివ్వాలి. ఇవన్నీ నేను జీవితమంతా కాదన్న మాటలే. కాలవ గట్టు మీద ఆయన చెప్పి ఉండేంత బాగా చెప్పాలని ఎంత ప్రయత్నించానో. బావ నా వైపు తిరిగి, కళ్లు చికిలించి, ముక్క ముక్కా విన్నాడు.

"ఇదేగా?" అన్నాను.

కాసేపు ఆలోచించాడు. వేలు చాచాడు.

"నేనొప్పుకోను."

"కాదా? సరే" అని కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, మళ్లీ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.