మూకీ ఓడదొంగలూ, మా ఎస్తేరక్కా

చిన్నప్పుడు మా ఢిల్లీ క్వార్టర్స్‌లో ఆదివారం మధ్యాహ్నం మూడయ్యేసరికి కమ్యూనిటీ హాలు కిటికీలకి సినిమా కోసం దుప్పట్లు కట్టేసేవాళ్ళు... చర్చి నుంచి వచ్చి, గబగబా పప్పన్నం తిని, చాప చుట్టి చంకన పెట్టుకుని నేనూ మా ఎస్తేరక్కా ఒకటే పరుగు.

అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఉద్యోగం కోసం కాకినాడ నుంచి వచ్చింది. అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడవు, మాటలూ రాలేదు. ఇంట్లో మేం కల్పించుకున్న సైగలే మా భాష.

టీవీ ముందు కూర్చుంటే అక్క నా జడ లాగి, వాడేమన్నాడని చేత్తో అడిగేది. ఆగు, తర్వాత చెప్తానని సైగ చేసేదాన్ని. ఆ తర్వాత అనేది ఎప్పుడూ వచ్చేది కాదు. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది...

మా పై అంతస్తులో ఎక్స్‌రే అంకుల్ ఉండేవాడు. ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం కాబట్టి పిల్లలందరికీ ఆయన పేరు అదే. ఆయన దగ్గర పాత ప్రొజెక్టరు ఒకటి ఉండేది. ఒక ఆదివారం ఎక్కడి నుంచో మూకీ సినిమా రీళ్ళు పట్టుకొచ్చాడు. ఓడదొంగల కథ. రంగుల్లేవు, మాటల్లేవు. మధ్యమధ్య ఇంగ్లీషులో రెండు ముక్కలు తెర మీద కనిపించేవి, మేం కూడబలుక్కునే లోపే పోయేవి. పిల్లలంతా ఆవాజ్, ఆవాజ్, శబ్దమేదీ అని గోల చేశారు.

అక్క మాత్రం కదల్లేదు. ప్రొజెక్టరు పెట్టిన బల్ల మీద అరచెయ్యి ఆనించి, దాని అదురు వింటూ నిలబడి చూస్తోంది.

తెర మీద ఒక ముసలి నావికుడు కెప్టెన్‌ని చూసి ఆప్యాయంగా నవ్వుతున్నాడు. అక్క నా భుజం గిల్లి, మెడ మీద వేలు అడ్డంగా గీసి చూపించింది... వీడు చంపేస్తాడని. నేను నమ్మలేదు. కాసేపటికి ఆ ముసలాడు నిజంగానే కత్తి దూశాడు. మా వెనక కూర్చున్న పిల్లలు ఇసే కైసే పతా, దీనికెలా తెలుసని ఆశ్చర్యపోయారు.

ఎలా తెలుసంటే... మేం మాటల కోసం ఎదురుచూస్తున్నాం, అక్క మనుషుల్ని చూస్తోంది. అంతే తేడా.

పై వారం నుంచి పిల్లలంతా అక్క చుట్టూ చేరారు. కథానాయకుడు కత్తి పళ్ళ మధ్య కరిచి పట్టుకుని, తాడు మీద వేలాడుతూ ఈ ఓడలోంచి ఆ ఓడలోకి దూకితే, అక్క చేతులు కథ చెప్పేవి. అక్క పదమూడేళ్ళ జీవితంలో మొదటిసారి మేం తనని అడగడం, తను మాకు చెప్పడం! ఎంత గర్వంగా ఉండేదో ఆ మొహం...

అది క్వార్టర్స్ సంఘం సెక్రటరీకి నచ్చలేదు. పిల్లలకి అర్థం కావట్లేదని ఆయనే తేల్చేసి, ఒక ఆదివారం మైకు పెట్టించి హిందీలో వ్యాఖ్యానం మొదలుపెట్టాడు. ఇప్పుడు చూడండి, దొంగ వస్తున్నాడు, ఇప్పుడు హీరో దూకుతాడు... అంటూ. పిల్లల తలలన్నీ మైకు వైపు తిరిగాయి. అక్క చేతులు ఒళ్ళోకి దిగిపోయాయి. ఆ పై వారమూ అంతే.

మూడో వారం, సినిమా సగంలో ఉండగా అక్క లేచింది. తిన్నగా వెళ్ళి మైకు వైరు పీకేసి, దాన్ని చేత్తో పట్టుకునే వచ్చి తన చోట కూర్చుంది.

ప్రొజెక్టరు ఆగింది. సెక్రటరీ అమ్మని పిలిపించాడు. డ్యూటీ దిగి వస్తోందేమో, తెల్లచీరలోనే వచ్చింది అమ్మ. మీ అమ్మాయి చేత అందరి ముందూ క్షమాపణ చెప్పించమన్నాడు ఆయన. మా అమ్మ నోరెత్తని మనిషి. డాక్టర్ల ముందు తలెత్తేది కాదు. ఒక్క సైగ చేస్తే అక్క చేతులు జోడించేసేదే.

అమ్మ ఆ సైగ చెయ్యలేదు. వచ్చీరాని హిందీలో, మెల్లగా, "మేరీ బేటీ మాఫీ నహీ మాంగేగీ" అంది. నా కూతురు క్షమాపణ అడగదని.

తర్వాత ఇంకో మాట కూడా అంది. వారంలో అన్ని రోజులూ నా పిల్ల మీ అందరి మాటల మధ్య ఏమీ తెలియకుండా కూర్చుంటుంది, ఈ గంటన్నర మీరంతా మాటల్లేకుండా కూర్చోలేరా అని.

ఎక్స్‌రే అంకుల్ అక్క చేతిలోంచి వైరు తీసుకుని, చుట్ట చుట్టి జేబులో పెట్టుకుని, ప్రొజెక్టరు మళ్ళీ ఆన్ చేశాడు. సెక్రటరీ విసవిసా వెళ్ళిపోయాడు. తను రిటైరై ఊరెళ్ళేదాకా, అంటే ఇంకో రెండేళ్ళు, ఎక్స్‌రే అంకుల్ ఆ బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. ఇంక ఎవరూ మైకు ఊసెత్తలేదు.

అక్క ఇప్పుడు వినపడని పిల్లలకి టీచరు. నేను గురుగ్రామ్‌లో ఉంటున్నాను. మొన్న మా సొసైటీ పిల్లలకి సినిమా వెయ్యాలంటే ఓడదొంగల మూకీ వేద్దామన్నాను. వాట్సాప్ గ్రూపులో ఒకటే నవ్వులు... పోనీ కనీసం డబ్బింగ్ చెప్పిద్దామన్నారు. కుదరదన్నాను. అక్క మెట్రోలో తన క్లాసు పిల్లల్ని నలుగుర్ని తీసుకొచ్చింది. మా అబ్బాయి "మమ్మా, సౌండ్ కబ్ ఆయేగా?" అన్నాడు. రాదని చెప్పాను.

సగం కుర్చీలు ఖాళీ. ఇద్దరు ముగ్గురు మధ్యలో లేచి వెళ్ళిపోయారు. వెళ్ళనీయండి. ఓడల మీద కత్తియుద్ధం మొదలయ్యేసరికి ఉన్న పిల్లలంతా కుర్చీలెక్కి నిలబడ్డారు. వినపడేవాళ్ళెవరో, వినపడనివాళ్ళెవరో పోల్చుకోవడం నా వల్ల కాలేదు.

ఇప్పటి సినిమాల్లో ఓడ పగిలితే మన కుర్చీ కూడా అదురుతుంది. ఎదుటి మనిషి మొహం చూసి కథ తెలుసుకునే ఓపికే ఎక్కడో జారిపోయింది. పాతకాలపు పిచ్చి అనేవాళ్ళు అనుకోండి... నేను మాత్రం వేస్తూనే ఉంటాను.

మాటలతో పని లేకుండా మీకు కథ చెప్పిన మనిషి ఎవరైనా ఉంటే, కింద రాయండి. అక్క నా పక్కనే ఫోన్ పట్టుకుని కూర్చుంది... ఒక్కటీ వదలకుండా చదువుతుంది.