ఊరుగువ్వ కొట్టిన గోలు

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా రేపటినుంచి నా చాయ్‌లో పంచదార పడకుండుగాక. డాక్టరు ఎలాగూ మానమన్నాడనుకోండి, అది వేరే సంగతి. మొన్న మా ఆవిడ సీరియల్ కోసం ఛానెళ్ళు తిప్పుతుంటే ఇటలీ పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఆట ఒకటి తగిలింది. ఎవరో ఉరుగ్వే ఆటగాడు బంతితో పరిగెడుతున్నాడు. నాకు తెలియకుండానే చేతులు జోడించాను. "వాళ్ళు మీకేమవుతారు?" అంది. "అన్నం పెట్టినవాళ్ళు" అన్నాను. రిమోట్ నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను దుబాయ్‌లో దిగింది రెండువేల పది ప్రాంతంలో. అల్ ఖూజ్‌లో టైల్స్ గోడౌన్‌కి స్టోర్‌కీపర్ని. గదిలో పై బంకు నాది. ఏసీ గాలి సరిగ్గా నా మాడు మీదికే వచ్చేది. నెల తిరక్కుండానే తిండి సయించడం మానేసింది. పప్పు చూస్తే ఇల్లు గుర్తొచ్చేది, ఇల్లు గుర్తొస్తే ముద్ద దిగేది కాదు. ఇంటికి పోతే అక్కడ పనేమీ లేదని తెలిసీ, ముదీర్‌కి, అంటే మా మేనేజరుకి, చెప్పేసి పోదామని సూట్‌కేసు సర్దేశాను. అది పసిగట్టినవాడు మా కంపెనీ బస్సు నడిపే నెల్లూరు చాచా.

ఆదివారం డ్యూటీ దిగాక చాచా మలయాళీల కెఫెటేరియాలో టీవీ ముందు కూర్చుని, ఇటలీ ఆటల అరబ్బీ వ్యాఖ్యానాన్ని మాకు తెలుగులో చెప్పేవాడు. వ్యాఖ్యాత ఉరుగ్వే పేరెత్తి గొంతు సాగదీస్తే ఆయనకి 'ఊరుగువ్వ' అని వినపడేది. ఆ దేశపువాళ్ళు ఇటలీ జట్లలో తరచూ కనిపించేవారు గనక గువ్వలకి కరువుండేది కాదు. ఆ రోజు నన్నూ లాక్కెళ్ళి పక్కన కూలేశాడు.

"ఆ గువ్వ ఇటలీకొచ్చిన కొత్తల్లో వాళ్ళు పెట్టే లావు సేమ్యాలు తినలేక ఏడ్చినాడంట అబ్బయా. టీవీలో ఆయన చెప్తా ఉండాడు."

"మరి పారిపోలేదా చాచా?"

"యాడికి పోతాడు? పేరులోనే ఊరుంది గదా. ఊరిని పేరులో పెట్టుకోనొచ్చినోడికి బెంగేంది?" అని, కరక్ చాయ్ నా వైపు తోశాడు. "పందెం. గువ్వ గోలు కొడితే నువ్వుండు. కొట్టకపోతే ఎయిర్‌పోర్టులో నేనే దించుతా."

ఆట అయిపోవస్తుండగా గువ్వ ఎగిరింది. ఎంత ఎత్తంటే కెమెరాకి బూట్లు మాత్రమే అందాయి. తలతో కొట్టాడు, గోలు. పరోటాలు చేసేవాడి చేతిలో పిండి సీలింగుకి అంటుకుంది. వారం దాకా ఎవరూ తీయలేదు.

ఉండిపోయాను. కొన్నేళ్ళకి అరబ్బీ కాస్త పట్టుబడ్డాక తెలిసింది, వ్యాఖ్యాతలు ఆటగాళ్ళ పేర్లూ, 'యా సలామ్'లూ తప్ప పెద్దగా ఏమీ చెప్పరని. సేమ్యాల మాట నిలదీస్తే చాచా, "ఆయన చెప్పేది అందరికీ. నేను చెప్పింది నీకు" అన్నాడు. ఆ మాటకి ఈనాటికీ దండం పెడతాను.

ఇక నా ఒట్టు సంగతి. బూట్లూ, పిండీ, అసలా గోలే నా కల్పన. ఆ సాయంత్రం బంతి గోల్‌పోస్టుకి తగిలి బయటికి పోయింది. ఆట సున్నా సున్నా. పందెం ప్రకారం నేను విమానం ఎక్కాలి. చాచా నా మొహం చూడకుండా, టీవీ వైపే చూస్తూ, "వచ్చేవారం కొడతాడంట అబ్బయా" అన్నాడు. ఏళ్ళకేళ్ళు ఉండమంటే ఆ రోజే పారిపోయేవాణ్ణి. వారం ఉండమన్నాడు, ఏళ్ళు వాటంతటవే వచ్చి పక్కన కూర్చున్నాయి.