హెలికాప్టరా, విమానమా

మా బావ చెరుకు లారీ నడిపేవాడు. బోధన్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డాక గల్ఫ్ పోయాడు. అక్కడ ఎడారిలో పెద్ద లోయ ఒకటి ఉంది. దాన్ని చూడడానికి వచ్చే టూరిస్టులను జీపులో తిప్పడం ఆయన పని. అక్క బోధన్‌లోనే బావ వాళ్లమ్మ దగ్గర ఉండి జాకెట్లు కుట్టేది. బావ వాళ్లమ్మను మేమిద్దరం అత్తమ్మ అనే పిలుస్తాం. నేను నిజామాబాద్ నుంచి ఆదివారాలు వెళ్లేదాన్ని. బావ ఫోన్ చేసేదీ ఆ రోజే.

ఆ ఫోన్ మాటలు వింటే నాకు ఒళ్లు మండేది. “తిన్నవా?” “తిన్న. నువ్వు?” “అమ్మకు మోకాళ్లు ఎట్లున్నయి?” “గట్లనే ఉన్నయి.” అంతే. ఆ తర్వాత ఇద్దరూ ఫోన్ పట్టుకుని ఊరుకునేవారు. “మరి ఉంట” అనేవాడు బావ. కలిసి ఉన్న రోజులకన్నా విడిగా ఉన్న ఏళ్లే ఎక్కువైన మొగుడూపెళ్లాలకు మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది? అక్క ఫోన్‌ను కొంగుతో తుడిచి కుట్టు మిషన్ మీద పెట్టేది.

పోయిన చలికాలం మొదట్లో బావ కొత్త మాట ఎత్తాడు. విజిట్ వీసా మీద అక్కను పిలిపించుకుంటానన్నాడు. లోయను పైనుంచి చూపిస్తానన్నాడు.

“హెలికాప్టర్ ఉన్నది, సిన్న ఇమానం ఉన్నది. ఏది ఎక్కుతవో నువ్వే సెప్పు. నువ్వు సెప్పినంకనే బుక్ జేస్త.”

“లోయంటే ఎట్లుంటది?”

“నిజాంసాగర్ కట్ట మీదికెళ్లి కిందికి సూసినం, యాదికున్నదా? గసొంటి కట్టలు ఒకదాని మీద ఒకటి పెడితె గంత లోతు. సుక్క నీళ్లుండయి. అంతా రాయే.”

హెలికాప్టర్ అయితే లోయలోకి దిగుతుందట, రెండు పక్కలా రాతిగోడలు దగ్గరగా కనిపిస్తాయట. కానీ చప్పుడెక్కువ, తొందరగా దించేస్తారు. విమానం పైపైనే పోతుంది గానీ చాలాసేపు తిప్పుతుంది, లోయ ఈ కొస నుంచి ఆ కొస దాకా కనబడుతుంది. ఇందులో అంతగా ఆలోచించడానికి ఏముందో నాకు అర్థం కాలేదు. అక్కకు మాత్రం ఆదివారానికొక అనుమానం. హెలికాప్టర్‌కు తలుపుంటదా? ఇమానంల ఇద్దరం పక్కపక్కకే కూసుంటమా? రెక్క అడ్డమొస్తదా? కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లను కూడా అడిగేది. ఎలక్షన్లప్పుడు లీడర్లు దిగితే లేచే దుమ్ము తప్ప హెలికాప్టర్ గురించి వాళ్లకేం తెలుసు? అయినా తలా ఒక తీర్పు చెప్పేవారు. అత్తమ్మయితే “కిందనే నిలవడి సూడరాదు?” అని తేల్చేసింది. అక్క అదీ బావకు చెప్పింది. ఆ రోజు మొగుడూపెళ్లాలు ఎంతసేపు నవ్వుకున్నారో.

ఆ చలికాలమంతా చెవులు వేడెక్కేదాకా మాట్లాడుకున్నారు. నేను వండిపెట్టి, పిలిచి పిలిచి, విసుగొచ్చి తినేసేదాన్ని.

“ఏదో ఒకటి సెప్పరాదే అక్కా. ఎండలు ముదిరితె ఆడ ఎట్ల తిరుగుతవు?” అని కసిరాను ఒకసారి.

“సెప్త తియ్యే, తొందరేమున్నది” అంది.

ఉగాది దాటాక ఒక పొద్దున, బావతో ఒకే గదిలో ఉండే అతను ఫోన్ చేశాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నాడు. శవపేటిక ఇంటికి చేరేదాకా కాగితాలు, సంతకాలు, ఎదురుచూపులు. అది వచ్చిన రోజు గురించి రాయడం నా వల్ల కాదు.

దహనమైన మూడో రోజు పిట్టకు పెట్టడానికి వెళ్లాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆయన మనసులో ఏదో ఉండిపోయిందని అర్థం. అదేమిటో కనుక్కుని, తీరుస్తామని అయినవాళ్లు పైకి చెప్పాలి. చెరుకు తోట పక్కన కాలువ గట్టు మీద విస్తరి పెట్టి దూరంగా నిలబడ్డాం. మటన్, గారెలు, కల్లు అన్నీ ఉన్నాయి. కాకులు తుమ్మచెట్టు దిగలేదు. ముసలమ్మను మంచిగా చూసుకుంటామన్నారు బంధువులు. బావ సగం కట్టించి ఆపిన ఇంటి పని పూర్తి చేయిస్తామన్నారు. ఎండ నెత్తికెక్కింది గానీ ఒక్క కాకీ కదల్లేదు.

అత్తమ్మ అక్క చెయ్యి పట్టుకుంది. “నిన్ను ఏదో అడిగిండు గద బిడ్డా. గది సెప్పు. వాడు దానికే సూస్తున్నడు.”

అక్క నాలుగడుగులు ముందుకు పోయింది. “హెలికాప్టర్ ఎక్కుత” అంది. కాసేపు చూసి, “కాదు, ఇమానమే ఎక్కుత” అంది. నాకు దుఃఖం ఆగలేదు. అక్క మళ్లీ “హెలికాప్టరే” అంది.

“ఒక్క మాట సెప్పు బిడ్డా” అని అత్తమ్మ బతిమాలింది. “గిట్ల మాట మారుస్తుంటె వాడెట్ల పోతడు?”

“ఒక్క మాట సెప్తె ఫోన్ పెట్టేస్తడు అత్తమ్మా” అంది అక్క.